వద్దనగలిగినవాడు

గోడ మీద ముళ్లు తిరిగేది గడియారం. నెత్తిన తిరిగేది ఫ్యాను. కిటికీకి వేలాడుతున్నది గోనె కాదు. గోనె అన్న మాట వచ్చి నాలుక కొసన కూర్చుని కదలనంటోంది కానీ అది గోనె కాదు, పలచటి గుడ్డ, ఎండ లోపలికి రాకుండా వేసుకునేది, దాని పేరు ఆమెకు తెలుసు, తెలుసునన్న సంగతీ తెలుసు, గోదాములో అడుగున పడిపోయిన మూట లాగా ఎక్కడో ఉంది, పైనున్నవన్నీ పక్కకు లాగితే తప్ప బయటికి రాదు. లాగింది. ఇంకా లాగింది. పరదా. ఆఁ, పరదా. చచ్చినట్టు వచ్చింది. ఇక బల్ల మీదున్నవి. కలం. సీసా. తాళం, ఛ, తాళం కాదు, కళ్లజోడు, లాయరమ్మ కళ్లజోడు. డాక్టరు వచ్చేలోగా లాయరమ్మ ఆఫీసులోని ఈ గదిలో సరుకంతా ఒకసారి సరిచూసుకోవాలి. ఆయన వచ్చి ఇదేమిటి, అదేమిటి అని అడుగుతాడట. చిన్నపిల్లల్ని అడిగినట్టు. జీవితమంతా ఎదుటివాడి సరుకు తట్టి చూసి, వాసన చూసి, పోగు లాగి చూసి, ఇది నాసిరకం, పట్టుకుపో అని మొహాన చెప్పిన మనిషి తాను. ఇవాళ తననే ఎవరో తట్టి చూడబోతున్నారు. చూడనీ. పోగు గట్టిదే.

గోనె సంచులు, తాళ్లు, టార్పాలిన్లు, ఇవీ ఆమె సరుకు. మొగుడు చనిపోయిన ఏడాదే కొట్టు గల్లా ముందు కూర్చుంది, ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది గానీ కొట్టు పడిపోలేదు. మాట కొన్నాళ్లు పూర్తిగా పోయింది. తిరిగి వచ్చింది గానీ, గోదాము మార్చినప్పుడు కూలీలు ఎక్కడివక్కడ పడేసినట్టు వచ్చింది. తాళ్లుండాల్సిన చోట సంచులు, సంచులుండాల్సిన చోట ఖాళీ. సరుకేమీ పోలేదు, అరలు మారాయి, అంతే. ఈ సంగతి ఎవరికి చెప్పినా జాలిగా తల ఊపుతారు. జాలిగా తల ఊపేవాళ్ల దగ్గర అప్పటికప్పుడు రేటు పెంచెయ్యడం ఆమె అలవాటు, కానీ ఈ మనుషులు కొనడానికి వచ్చినవాళ్లు కారు.

"అమ్మా, నీళ్లు తాగుతావా?" అన్నాడు పక్క కుర్చీలోంచి కొడుకు.

"వద్దు."

చిక్కటి మాట. మాట తిరిగి వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు వచ్చింది ఇదే. అమ్మ అనో దేవుడా అనో కాదు, వద్దు అని. నర్సు నవ్వింది. కొడుకు ఏడ్చాడు. వీడు దేనికైనా ఏడుస్తాడు, కళ్లలో నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, వీడి నాన్న కూడా అంతే, అప్పు అడగడానికి వచ్చినవాడి కథ విని వాడికంటే ముందు కన్నీళ్లు పెట్టుకునేవాడు.

"తాగించకు బాబూ, ఆవిడ నీళ్లకి కూడా బేరమాడుతుంది," అన్నాడు తలుపు దగ్గర కుర్చీలోంచి కత్తెర.

కొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కత్తెరతో వాడు మాట్లాడడం మానేశాడు. వీధికి అవతలి వరసలో, సరిగ్గా ఆమె కొట్టుకి ఎదురుగా, అవే సంచులు, అవే తాళ్లు అమ్మే ముసలివాడు. ఎవరు ఏం చెప్పబోయినా మధ్యలోనే కత్తిరించేస్తాడని బజారంతా కలిసి ఆ పేరు పెట్టింది. ఆమె నిలబెట్టిన రేటుని ఎన్నిసార్లు పడగొట్టాడు, ఆమె కోసం వస్తున్న లారీని దారిలోనే ఎన్నిసార్లు మళ్లించుకున్నాడు, ఆమె మటుకు తక్కువ తిన్నదా, వాడి పాత టార్పాలిన్ల సంగతి కొనేవాళ్లందరి చెవిలో ఊదలేదా. అయినా వానాకాలం మొదట్లో ఇద్దరూ కలిసే మిల్లుకి వెళ్లేవారు. ఎందుకంటే మిల్లువాళ్ల దగ్గర విడివిడిగా వెళ్తే ఇద్దరికీ తల గొరిగేస్తారు. అక్కడ బేరం నోటితో కాదు. చుట్టూ ఇంకా పదిమంది కొనేవాళ్లు నిలబడి ఉంటారు కదా, రేటు చెవిన పడకూడదు. ఇద్దరి కుడిచేతులూ ఒక తుండుగుడ్డ కిందికి వెళ్తాయి. పైకి వానల గురించో, ఎవరి మోకాళ్ల నొప్పుల గురించో కబుర్లు, కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఏ కణుపు నొక్కితే ఎంత తగ్గినట్టో. గోరుతో అరచేతిలో గీస్తే ఇంకోసారి ఆలోచించు అని. ఎదుటివాడి వేళ్లన్నీ కలిపి గట్టిగా గుప్పిట్లో బిగించి పట్టుకుంటే, ఇక మాట్లాడకు, బేరం లేదు, నీ దారి నీది అని. ఆమె గుప్పిట బిగించిందంటే మిల్లు యజమాని మొహం మీద నవ్వు అలాగే ఉండేది గానీ చెవులు ఎర్రబడేవి. ఆ తుండుగుడ్డ కింద మహా గట్టి మగాళ్ల చేతులు వణకడం చూసింది ఆమె, ఆ వణుకు చూసే రేటు వేసేది.

కొడుక్కి ఆ వేళ్ల భాష నేర్పలేదు. నేర్పకూడదనే నేర్పలేదు. గోనె దుమ్ము వాడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని, వాడు చల్లటి గదిలో కూర్చుని పని చేసుకోవాలని. వాడు చల్లటి గదిలోనే కూర్చున్నాడు. మంచి ఉద్యోగం, మంచి మనసు, నలుగురిలో మంచి పేరు. ఆ మంచి పేరే వాడి జబ్బు. ఎవరేమడిగినా కాదనలేడు. కూరగాయల వాడు పుచ్చువంకాయలు తూచినా సంచి పట్టి నిలబడతాడు. దర్జీ చొక్కా పొట్టిగా కుడితే అదే వేసుకుని పెళ్లికి వెళ్లాడు. వాడి పెళ్లే అది. ఫోటోల్లో చేతులు వెనక్కి దాచుకుని నిలబడి ఉంటాడు చూడు.

పక్షవాతం వచ్చిన కొత్తల్లో, ఆసుపత్రి మంచం. ఆ గది కప్పు మీద ఓ తడి మరక ఉండేది, తాబేలు ఆకారంలో, రోజంతా దాన్నే చూసేది. మాట లేదు, కుడిచెయ్యి లేదు, తలకాయ మాత్రం పండగ ముందరి బజారు లాగా గోలగోలగా ఉండేది లోపల. మనుషులు వచ్చి మంచం చుట్టూ నిలబడి ఆమె మీదుగా మాట్లాడుకునేవారు, బల్ల మీదుగా ఉప్పు అందించుకున్నట్టు. ఒకరోజు కొడుకు ఒక్కడే వచ్చాడు. ఆమె ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. అమ్మా, కొట్టు తీసేద్దామమ్మా, వాళ్లెవరో మంచివాళ్లు నడుపుతున్న చోటు ఉంది, నర్సులుంటారు, తోట ఉంటుంది, నీకు ఏ కష్టమూ ఉండదు, సరేనా అమ్మా అన్నాడు. ఆమె ఒంట్లో మిగిలిన బలమంతా ఆ ఎడమచేతిలోకి తెచ్చుకుని వాడి వేళ్లన్నీ కలిపి గుప్పిట్లో బిగించింది. బేరం లేదు. బేరం లేదురా. ఎముకలు నలిగిపోయేలా బిగించింది. వాడు భోరుమన్నాడు. బయటికి పరిగెత్తుకెళ్లి డాక్టరుతో, నర్సుతో, కనబడిన ప్రతివాళ్లతో చెప్పాడు, అమ్మ సరేనంది, నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో చూడండి, ఎర్రగా అయిపోయింది.

ఆ ఎర్రబడిన చేతిని వాడు ముద్దు పెట్టుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు ఆమెకు. ద్వేషంతో మోసం చేసేవాడిని పట్టుకోవడం తేలిక. వాడి కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తే చాలు. ప్రేమతో నీ పుట్టి ముంచేవాడు నీ కళ్లలోకే చూస్తుంటాడు.

ఆ మర్నాడు కత్తెర వచ్చాడు. పండ్లు తెచ్చాడు, అందులో సగం మెత్తబడినవి, వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది. మంచం పక్కన కూర్చుని, బజారు కబుర్లేవో చెబుతూ, ఉన్నట్టుండి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఎడమచెయ్యి. అంతా తిరగేసి చదువుకోవాలి, అద్దంలో రాతలాగా. వాడు కాసేపు కళ్లు మూసుకున్నాడు. కొట్టు తీసెయ్యాలా, అని చెవి దగ్గర గొణిగి, వేళ్లు ఆమె వేళ్లలో పెట్టాడు. ఆమె గుప్పిట బిగించింది. వాళ్లు చెప్పిన చోటు. గుప్పిట. ముక్కులో ఈ గొట్టం. గోరుతో గీసింది, ఆలోచిద్దాం. వాడు లేచి బయటికి వెళ్లి, ఆవిడ ససేమిరా వద్దంటోంది, మీరెవరినడిగి ఒప్పుకున్నారు అని అరిచాడు. వరండా అంతా వినబడేలా. అప్పుడు ఎవరో, చాలా మర్యాదగా, మీరు ఆవిడకేమవుతారు అని అడిగారు. రక్తసంబంధమా, బంధువులా. కాదు. అయితే మీరు చెప్పడానికి లేదండీ. తలుపు మూసేశారు. ఆ మూసిన తలుపు చప్పుడు తాబేలు మరక కింద పడుకున్న ఆమెకు వినబడింది. అప్పుడే అనుకుంది, నోరు తిరిగి వస్తే మొదట చెయ్యాల్సిన పని ఇదని. ఆ తలుపు తెరిపించే కాగితం రాయించాలని.

నోరు తిరిగి వచ్చింది కాబట్టి తోట ఉన్న చోటు తప్పింది, ఈసారికి. పక్షవాతం రెండోసారి వస్తే తప్పదు. అది రావచ్చని డాక్టర్లే చెప్పారు. అందుకే లాయరమ్మ దగ్గరికి కత్తెరని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు కాగితాలు. కొట్టు, ఇల్లు, బ్యాంకు, తన తర్వాత చెందేవీ, తాను పడిపోతే చూసుకోవలసినవీ, అన్నీ కొడుక్కే, అందులో అనుమానం లేదు. కానీ తన ఒళ్లు, ఏ మందు, ఏ గొట్టం, ఏ ఇల్లు, ఎప్పుడు ఇక చాలు అనాలి, అది వేరే కాగితం, దాని మీద కత్తెర పేరు. లాయరమ్మ ఆశ్చర్యపోయింది. బయటివాళ్లా అంది. ఆస్తి ఎవరికి పోతుందో ఊపిరి సంగతి వాళ్లకి అప్పజెప్పను, నా కొడుకు బంగారమే, అయినా అప్పజెప్పను, అంది ఆమె. మాటలు వెతుక్కుంటూ చాలాసేపు పట్టింది గానీ అంది. కొనేవాడితోనే తూకం వేయించే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. కత్తెరకి చిల్లిగవ్వ రాదు. అదే వాడి అర్హత. ఏమీ రాని చోట కూడా వాదించకుండా ఉండలేడు, అది రెండో అర్హత.

కొడుక్కి చెబితే నేల మీద కూలబడ్డాడు. నేనేం పాపం చేశానమ్మా అన్నాడు. జనం ఏమనుకుంటారమ్మా అన్నాడు. ఆయనకీ నీకూ ఏమిటని అడుగుతారు అన్నాడు. అడిగితే చెప్పు, ఎదురెదురు కొట్లు అని. చివరికి చేతులు జోడించి, కన్నీళ్లతోనే, నీ బుద్ధి నిలకడగా లేదమ్మా, డాక్టరు అదే చెబితే నేను కోర్టుకి వెళ్లి నీ సంరక్షణ నా చేతిలోకి తీసుకుంటాను, నీ మంచికేనమ్మా అన్నాడు. అదీ ఇవాళ్టి సంగతి. డాక్టరు బుద్ధి సరిగ్గా ఉందంటే సంతకం. లేదంటే తోట. మాటలు తడబడితే బుద్ధి తడబడినట్టు కాదమ్మా, మీరేం రాస్తున్నారో, రాస్తే ఏమవుతుందో, ఎందుకు రాస్తున్నారో మీకు తెలియాలి, అంతే అని లాయరమ్మ ధైర్యం చెప్పింది. చెప్పిందే గానీ, సరుకు చూడకుండా సంచి చూసి రేటు కట్టే డాక్టర్లు లేరా. గడియారం. ఫ్యాను. కిటికీకి... పరదా. కలం. సీసా. కాళ్లకి వేసుకునేవి...

తలుపు తెరుచుకుంది. అనుకున్నదానికంటే చిన్నవాడు, చొక్కా జేబు మీద సిరా మరక, వస్తూనే ఆలస్యానికి క్షమించమన్నాడు. మంచిదే, క్షమించమని మొదలెట్టేవాడితో బేరం తేలిక. కుర్చీ దగ్గరికి లాక్కుని, గట్టిగా, నెమ్మదిగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు మొదలెట్టాడు.

"నాకు వినబడుతుంది," అంది ఆమె. "మాటలే... తప్పిపోతాయి."

ఆయన నవ్వి గొంతు తగ్గించాడు. గోడ మీద అది ఏమిటన్నాడు, గడియారం. పైన, ఫ్యాను. కిటికీకి, పరదా. లోపల ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది. అప్పుడు ఆయన, ఆమె సరిచూసుకోని వైపుకి, పక్క కుర్చీ వైపుకి చెయ్యి చూపించాడు. "వీరెవరండీ?"

"మా మామగారు," అంది ఆమె.

కత్తెర నోట్లోంచి తుప్పున నవ్వు ఊడిపడి, దగ్గులోకి మారింది. కొడుకు మొహం పాలిపోయింది. ఆ కళ్లు నిండుతున్నాయి, ఆ నిండడంలో దిగులుతో పాటు, చూశారా నేను చెప్పలేదా అన్నది కూడా ఉంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. డాక్టరు మీద కాదు, కొడుకు మీద కాదు, ఆ మాట మీద. బతికున్నన్నాళ్లూ తన వంటకి వంకలు పెట్టిన మామగారు, సమయం చూసి చూసి ఇప్పుడొచ్చి నాలుక మీద కూర్చున్నాడు. లే. లే అక్కణ్ణించి.

"తప్పు," అంది. బల్ల అంచుని ఎడమచేత్తో పట్టుకుంది. "మాట జారింది. మనిషి తెలుసు. నా కడుపున పుట్టాడు. చిన్నప్పుడు కొత్త సంచుల మీద పడుకోబెడితేనే... నిద్రపోయేవాడు. ఆ పచ్చి వాసన కావాలి వీడికి. ఉల్లిపాయ తినడు. పొట్టి చొక్కాతో పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు ఏడుస్తాడు, చూడండి."

ఏడ్చాడు. డాక్టరు కలం ఆపి చూశాడు.

"సరేనమ్మా," అన్నాడు కాస్త తేరుకుని. "మరి తలుపు దగ్గరున్న ఆయన మీకేమవుతారు?"

"ఏమీ కాడు. పోటీదారు."

"మరి కొడుకుని కాదని ఆయన్ని ఎందుకు పెట్టారు?"

ఇదీ అసలు రేటు. ఇంతసేపూ ఆడింది వానల కబుర్లు. ఆమె తొందరపడలేదు. అడుగునుంచి ఒక్కొక్క మూటే లాగింది. "నా కొడుక్కి... వద్దనడం రాదు. ఆసుపత్రివాళ్లు అది పెడదామంటే సరే. ఇది కోద్దామంటే సరే. అక్కడ పడేద్దామంటే సరే. ప్రేమ. వీడు నన్ను చావనివ్వడు, బతకనివ్వడు. ఆ కత్తెర, నా రేటుకి ఒక్కసారి సరేననలేదు జన్మలో. నా బదులు కూడా... తేలిగ్గా అనడు."

"అనను," అన్నాడు కత్తెర.

"ఒకవేళ ఆయన తప్పు నిర్ణయం తీసుకుంటే?"

"తీసుకోనీండి. ఎవరి తప్పు భరించాలో అది కూడా నేనే... ఎంచుకుంటున్నాను కదా."

డాక్టరు తన కాగితం మీద రాశాడు, రాసింది లాయరమ్మకి ఇచ్చాడు, ఆవిడ చదివి తల ఊపింది. ఏమని రాశాడో ఆమె అడగలేదు. లాయరమ్మ భుజాలు దిగిన తీరు చూస్తే తెలిసిపోయింది. లాయరమ్మ ఫైలు తెరిచి ఆమె ముందుకు జరిపింది. సంతకం ఎక్కడో చూపించి, ఒక చోట వేలు ఆపింది. "రెండో పేరు ఇంకా ఖాళీగానే ఉందమ్మా. ఈయన ఊళ్లో లేకపోయినా, మీకంటే ముందే ఏదైనా..."

"చస్తే అనండి, మొహమాటం ఎందుకు," అన్నాడు కత్తెర.

ఖాళీగా ఉందని తెలుసు ఆమెకు. ఆ ఖాళీని చూసుకుంటూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపింది, ఎవరూ లేరు, బజారంతా వెతికినా లేరు. ఉన్నంతవరకు చాలు, ముందు సంతకం కానీ అనుకుని బల్ల మీద కలం కోసం ఎడమచెయ్యి చాచింది. కలం అక్కడ లేదు. కొడుకు చేతిలో ఉంది.

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

తాను సరిగ్గా విన్నదో లేదోనని ఆమె వాడి వైపు తిరిగింది. వాడు ఏడవడం లేదు. కళ్లు ఎర్రగా, పొడిగా ఉన్నాయి.

"ఇవ్వరా నాన్నా."

"ఇవ్వనమ్మా. డాక్టరు గారు ఏమైనా రాసుకోనీ. నువ్వు బాధపడితే పడు. నాకిది ఇష్టం లేదు, నేనివ్వను."

మెత్తగా అడిగింది, బుజ్జగించింది, పోనీ నీ మాటా విందాంలే ముందు కలం ఇలా తే అని ఆశ పెట్టింది, ఏమనుకుంటున్నావురా నన్ను అని గదిమింది, ఆ గదమాయింపుకి బజారులో కూలీలు బస్తాలు వదిలేసి పారిపోయేవారు. బజారులో పనికొచ్చే ప్రతి ఎత్తూ వేసింది. వాడు కదల్లేదు. కలం పట్టుకున్న పిడికిలి ఒళ్లో పెట్టుకుని, తల వంచకుండా, ఆమె కళ్లలోకి సూటిగా చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు ఇబ్బందిగా కదిలాడు. లాయరమ్మ ఏదో అనబోతే కత్తెర చెయ్యెత్తి ఆపాడు. ఆమె మూతి ఒక పక్కే లేస్తుంది ఇప్పుడు, ఆ ఒక పక్కే లేచింది, లేచి, ఆగకుండా నవ్వు అయింది, గొంతులోంచి, పొట్టలోంచి, కుర్చీ కిర్రుమనేలా.

"లాయరమ్మా," అంది, నవ్వు మధ్యలో ఊపిరి వెతుక్కుంటూ. "ఆ రెండో చోట వీడి పేరు రాయండి. రాసి, ఈ ఆఫీసులో ఇంకో కలం ఉంటే ఇలా పడెయ్యండి."